ముప్పై రోజుల చిరునామా

కోరుట్ల కల్లూరు రోడ్డులో ఒక దుకాణం ఉందనుకుందాం. భూమ్మీద అది ఎక్కడుందో చెప్పడానికి రెండు అంకెలు చాలు: అక్షాంశం 18.82కు, రేఖాంశం 78.71కు కాస్త అటూ ఇటూ. ఆ దుకాణం ముందు నిలబడి, మన ఫోన్‌లోని జీపీఎస్‌తో ఆ అంకెలు తీసి రాసుకుంటే అవి మనవి. పదేళ్లయినా దాచుకోవచ్చు, పదిమందికి పంచవచ్చు. అవే అంకెలను ఒక యాప్ గూగుల్ మ్యాప్స్ సర్వర్‌ను అడిగి తెచ్చుకుంటే మాత్రం వరుసగా 30 రోజులకు మించి తన దగ్గర ఉంచుకోకూడదు. గడువు తీరగానే తుడిచేయాలి. మళ్లీ కావాలంటే మళ్లీ అడగాలి. అడిగిన ప్రతిసారీ అది వాడకం లెక్కలోకి ఎక్కుతుంది. ఉచిత పరిమితి దాటితే బిల్లులోకి ఎక్కుతుంది.

దుకాణం కదల్లేదు. రోడ్డూ కదల్లేదు. తేడా అంతా ఆ అంకెలు చేతికి వచ్చిన దారిలో ఉంది. ఆన్‌లైన్ పటాల మీద ఆధారపడి నడిచే యాప్‌లకు, అంటే పరిభాషలో థర్డ్ పార్టీ యాప్‌లకు ఉన్న ఆంక్షలన్నీ ఈ ఒక్క తేడా చుట్టూ అల్లుకుని ఉన్నాయి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల లాంటి చోట్ల ఇది ఇంతవరకు సాఫ్ట్‌వేర్ రాసే కొద్దిమంది పంచాయితీగానే మిగిలిపోయింది. నా దృష్టిలో ఇది ఊరి సంగతి. మన గల్లీల పటాన్ని ఎవరు దాచుకోవచ్చు, ఎవరు చూసి వదిలేయాలి అని ఎవరు తీర్మానిస్తారన్నది అసలు ప్రశ్న.

ముందు నిబంధనలు చూద్దాం. గూగుల్ పటాన్ని సొంత యాప్‌లో వాడుకునేవాళ్లు ఒప్పుకోవలసిన షరతులు చాలానే ఉన్నా, మన ప్రశ్నకు సంబంధించినవి మూడు. పటంలోని సమాచారాన్ని గుంపుగా దించుకోకూడదు. పటం ముక్కలు, వీధి ఫొటోలు, చిరునామా ఇచ్చి తీసుకున్న అక్షాంశ రేఖాంశాలు, దారులు, దూరాలు, దుకాణాల పేర్లు, వాటి మీద జనం రాసిన అభిప్రాయాలు అన్నీ ఇందులోకి వస్తాయి. ఆ పటాన్ని చూస్తూ రోడ్లనో ఇళ్ల హద్దులనో గీసుకుని మరో పటం తయారుచేయకూడదు. అక్కడ దొరికిన స్థలాల వివరాలను తెచ్చి వేరొకరి పటం మీద చూపకూడదు. మినహాయింపుల్లో చెప్పుకోదగ్గవి రెండు. మొదటిది పైన చెప్పిన 30 రోజుల వెసులుబాటు. రెండోది ప్లేస్ ఐడీ, ప్రతి స్థలానికీ గూగుల్ పెట్టుకున్న గుర్తు. దాన్ని ఎంతకాలమైనా ఉంచుకోవచ్చు, ఏడాది దాటితే ఒకసారి సరిచూసుకోమని కంపెనీయే చెబుతుంది. అయితే ఆ గుర్తు ఒక్కటే చేతిలో ఉంటే అది ఏ ఊరిదో కూడా తెలియదు. దాన్ని పట్టుకుని మళ్లీ అదే సర్వర్ గడప తొక్కాలి.

ఫోన్‌లో జగిత్యాల చుట్టుపక్కల పటాన్ని ఆఫ్‌లైన్‌లో దించుకుంటున్నాం కదా అని చాలామంది అడుగుతారు. ఆ వసతి గూగుల్ సొంత యాప్‌కే. దించుకున్న పటానికి కూడా గడువుంటుంది. ఆ లోపు నెట్ తగిలి కొత్తది వేసుకోకపోతే పనికిరాకుండా పోతుంది. మన దగ్గరి కుర్రాడు రాసుకున్న యాప్‌కు ఆ దించుకున్న పటం అందదు. మ్యాప్‌బాక్స్ అనే మరో కంపెనీ ఇదే సరుకును రెండు రకాలుగా అమ్ముతుంది: వెతికిన ఫలితాన్ని చూసి వదిలేస్తే ఒక ధర, శాశ్వతంగా దాచుకోవాలంటే వేరే ధర. నాకు ఇది కాస్త నిజాయితీ గల పద్ధతిగా కనిపిస్తుంది. దాచుకోవడం నేరమనలేదు, దానికి వెల ఇంత అని చెప్పింది.

ఈ వెలల సంగతిలో 2018 పెద్ద మలుపు. అంతకుముందు ఒక వెబ్‌సైట్ రోజుకు 25,000 సార్లు గూగుల్ పటాన్ని ఉచితంగా చూపుకోగలిగేది. ఆ ఏడాది జూలై 16 నుంచి నెలకు 200 డాలర్ల విలువైన వాడకం మాత్రమే ఉచితం, ఆపైన చెల్లించాలి అన్నారు. ప్రపంచమంతటా చిన్న చిన్న సైట్లు ఆ దెబ్బకు వేరే పటాలు వెతుక్కున్నాయి. 2024లో ఓలా తన సొంత పటాలకు మారుతున్నట్టు ప్రకటించిన కొద్ది రోజులకే గూగుల్ మన దేశంలో ధరలను గరిష్ఠంగా 70 శాతం వరకు తగ్గించి, ఆగస్టు 1 నుంచి రూపాయల్లో బిల్లు వేయడం మొదలుపెట్టింది. పోటీ వస్తే ధర దిగుతుందని దీనితో తేలింది. దాచుకోకూడదన్న షరతు మాత్రం దిగలేదు.

ఈ మూడు పట్టణాల్లో ఈ షరతు ఎక్కడ గుచ్చుకుంటుందో చూడాలంటే గల్ఫ్ నుంచి వచ్చే కార్గో డబ్బాల దగ్గర మొదలుపెట్టాలి. దుబాయి, సౌదీ, కువైట్, ఖతార్‌లలో మనవాళ్లు కట్టి పంపిన డబ్బాలు జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి చుట్టుపక్కల పల్లెలకు ఇంటి గడప దాకా వస్తాయి. డబ్బా మీద ఇంటిపేరు, ఊరు, మండలం, ఫోన్ నంబరు ఉంటాయి. ఇంటి నంబరు ఉన్నా దాన్ని పట్టుకుని ఊళ్లో ఇల్లు కనుక్కోలేరు. 2016 అక్టోబరు 11న జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు కరీంనగర్ నుంచి విడిపోయాయి. పదేళ్ల కిందట వెళ్లినవాడి నోట ఇప్పటికీ కరీంనగర్ జిల్లా అనే వస్తుంది. పిన్‌కోడ్‌లేమో పాత వరుసలోనే ఉన్నాయి: సిరిసిల్ల 505301, కోరుట్ల 505326, జగిత్యాల 505327. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం తరువాత రాష్ట్రమంతటా తండాలు, గూడేలు, శివారు పల్లెలు కలిపి 4,383 కొత్త పంచాయతీలు ఏర్పడ్డాయి, మొత్తం 12,751 అయ్యాయి. దాంతో ఊరి పేరూ మారిన ఇళ్లున్నాయి. ఇంగ్లిష్ అక్షరాల్లో జగిత్యాలను, సిరిసిల్లను ఎవరికి తోచినట్టు వాళ్లు రాస్తారు. రాజారం అని వెతికితే ఏ రాజారమో తేలదు.

అలాంటి చోట డబ్బా దింపే డ్రైవరు ఏం చేస్తాడు? ఊరి కమాను దగ్గర ఆగి ఫోన్ చేస్తాడు, హనుమాన్ గుడి పక్క గల్లీలోకి రమ్మంటారు, వెళ్తాడు, దింపుతాడు. ఆ క్షణంలో ఆ ఇంటి అసలు స్థానం అతనికి తెలిసింది. పటం కంపెనీకి తెలియని సంగతి అది. అతని యాప్ ఆ చోటును ఫోన్ జీపీఎస్‌తో గుర్తుపెట్టుకుంటే అది యాప్ సొంత సంపాదన. అదే యాప్ బద్ధకించి, ఊరి పేరు కొట్టి గూగుల్ ఇచ్చిన చుక్కను దాచుకుంటే ఒకవైపు షరతు తప్పినట్టు, మరోవైపు ఆ చుక్క ఊరి నడిమధ్యనే పడి ఉంటుంది కాబట్టి పనికీ రాదు. పల్లెల్లో సొంతంగా సేకరించిన స్థానమే ఎక్కువ ఖచ్చితమైనది, అదే స్వేచ్ఛగా దాచుకోగలిగినది కూడా. చాలామంది యాప్ తయారీదారులు ఈ రెంటి మధ్య గీత గీసుకోరు. రెండింటినీ ఒకే పట్టికలో కలిపేస్తారు. ఏడాది తిరిగాక ఏ అంకె ఎక్కడ నుంచి వచ్చిందో వాళ్లకే తెలియదు.

సిరిసిల్లలో ఈ సంగతి ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. బీవై నగర్ లాంటి వాడల్లో సాంచాల (మరమగ్గాల) కార్ఖానాలు ఇళ్లతో కలిసిపోయి ఉంటాయి. చాలా వాటికి బోర్డు ఉండదు. ఆసామి పేరు చెబితే గల్లీలో ఎవరైనా చూపిస్తారు, పటం చూపించదు. నూలు వచ్చేది ఎక్కడికి, వార్పిన్ చేసిన (పడుగు చుట్టిన) భీములు దిగేది ఏ కార్ఖానాలో, నేసిన బట్ట ఎక్కడ నుంచి ఎత్తాలి అన్నది ట్రాలీ నడిపేవాడి తలలో ఉంటుంది. దాన్ని ఒక యాప్‌లో పెట్టాలని ఎవరైనా అనుకుంటే, ఆ పట్టిక మొత్తం నడిచి సంపాదించాలి. సంపాదించాక అది ఎవరి షరతులకూ లోబడదు. ఆ పట్టికకు వెనక నేపథ్యంగా గూగుల్ పటాన్ని ప్రత్యక్షంగా చూపుకోవడానికి అడ్డు లేదు. కానీ పట్టణమంతటి పటం ముక్కలను ముందే దించి ఫోన్‌లో పెట్టుకుని, సిగ్నల్ లేనప్పుడు చూపడం మాత్రం కుదరదు. జగిత్యాల జిల్లాలోని బీర్‌పూర్, సారంగాపూర్ వైపు అడవి అంచు పల్లెలకు మందులో, వడ్ల కొనుగోలు కేంద్రానికి లారీనో పంపేవాళ్లకు కావలసింది సరిగ్గా అదే. నెట్ బాగా ఉన్న హైదరాబాద్‌లో ఈ ఆంక్ష ఒక ఖర్చు మాత్రమే. ఇక్కడ పని ఆగిపోతుంది.

ఇంత చెప్పాక కంపెనీల వైపు కారణాలను తేలిగ్గా కొట్టేయడం సరికాదు. మొదటి కారణం తాజాదనం. దీనికి సిరిసిల్ల జిల్లాలోనే ఉదాహరణ ఉంది. మాన్వాడ దగ్గర కట్టిన మిడ్ మానేరు జలాశయం కింద కొదురుపాక, నీలోజిపల్లి, వరదవెల్లి, శాభాష్‌పల్లి, చింతల్‌ఠాణా లాంటి ఊళ్లు మునిగాయి. జనం పునరావాస కాలనీలకు తరలారు, ఊరి పేర్లూ వాళ్లతోనే తరలాయి. నీళ్లు రాకముందు ఈ ఊళ్ల స్థానాలను దాచుకుని తరువాత తిరిగి చూసుకోని యాప్ ఏదైనా ఉంటే అది అంబులెన్సును నీళ్ల వైపు నడిపిస్తుంది. ఎవరో దాచుకున్న పాత సమాచారం తప్పు దారి పట్టిస్తే నింద పటం కంపెనీ మీద పడుతుంది కాబట్టి, ఎప్పటికప్పుడు మా దగ్గరే అడగండి అనడంలో న్యాయం ఉంది.

రెండో కారణం, ఆ సమాచారమంతా కంపెనీ సొంతం కాకపోవడం. ఉపగ్రహ చిత్రాలు ఒకరివి, రోడ్ల వివరాలు ఒకరివి, హద్దులు మరొకరివి. వాళ్ల దగ్గర అద్దెకు తెచ్చుకున్నదాన్ని ఇంకొకరికి దానం చేసే హక్కు కంపెనీకి ఉండదు. మూడోది వ్యాపారం, దాన్ని దాచిపెట్టి మాట్లాడనక్కర్లేదు. దాచుకోనిస్తే ఒకసారి కొన్నవాడు మళ్లీ కొనడు, పోగుచేసినవాడు రేపు పోటీదారు అవుతాడు. ఈ భయం ఇంటర్నెట్‌తో పుట్టింది కాదు. బ్రిటన్‌లో ఆర్డ్‌నెన్స్ సర్వే అనే ప్రభుత్వ పటాల సంస్థ, తమ పటాలను నకలు చేసిందని ఆటోమొబైల్ అసోసియేషన్ మీద దావా వేసింది. 2001లో ఆ తగాదా 2 కోట్ల పౌండ్ల పరిహారంతో రాజీ అయింది. గీసిన తీరులో ఉన్న చిన్న చిన్న ప్రత్యేకతలే నకలును పట్టించాయి.

మన దేశంలోనూ 2024 జూలైలో అలాంటి గొడవ వచ్చింది. మ్యాప్‌మైఇండియా పేరుతో 1995 నుంచి పటాలు తయారుచేస్తున్న సీఈ ఇన్ఫో సిస్టమ్స్, ఓలా ఎలక్ట్రిక్‌కు లీగల్ నోటీసు పంపింది. 2021లో తమ దగ్గర తీసుకున్న సమాచారాన్ని ఒప్పందానికి విరుద్ధంగా దాచుకుని సొంత పటాలకు వాడుకున్నారన్నది ఆరోపణ. ఓలా దాన్ని ఖండించింది. ఎవరిది నిజమన్నది అలా ఉంచితే, దాచుకోవడమన్న ఒక్క పని మీద రెండు పెద్ద కంపెనీలు వీధికెక్కాయన్నది గమనించాలి. ఇక చిన్నవాళ్లకు వచ్చే నోటీసును ఎదుర్కొనే తాహతు ఎక్కడుంటుంది?

చట్టం ఏమంటుంది? 1957 కాపీరైట్ చట్టం పటాన్ని కళాకృతుల్లో చేర్చింది, కంప్యూటర్ డేటాబేసును సాహిత్య రచనల్లో చేర్చింది. ఇలాంటి సంకలనానికి రక్షణ రావాలంటే చెమటోడ్చి పోగుచేస్తే చాలదు, ఎంపికలోనో అమరికలోనో కొంతైనా సృజన ఉండాలని 2007లో ఈస్టర్న్ బుక్ కంపెనీ, డి.బి. మోదక్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అమెరికా సుప్రీంకోర్టు అంతకుముందే, 1991లో ఒక టెలిఫోన్ డైరెక్టరీ కేసులో అలాంటి మాటే అంది. జగిత్యాల టవర్ సర్కిల్ ఎక్కడుందన్నది ఒక వాస్తవం. దాని మీద ఎవరికీ కాపీరైట్ లేదని ఈ తీర్పుల నుంచి తీసుకోవచ్చు. అయినా యాప్ తయారీదారు చేతులు కట్టేసి ఉంటాయి. కట్టింది ఒప్పందం. సేవ వాడుకోవడం మొదలుపెట్టేటప్పుడు నేను అంగీకరిస్తున్నాను అని నొక్కిన మీట. వాస్తవానికి లేని యాజమాన్యాన్ని ఒప్పందం తెచ్చిపెడుతుంది. మీరితే జైలు భయం కన్నా ఖాతా మూసేస్తారన్న భయమే ఎక్కువ. ఖాతా పోతే ఆ పూటకే యాప్ ఆగిపోతుంది.

నన్ను ఎక్కువగా బాధపెట్టే విషయం వేరే ఉంది. గూగుల్ పటంలో మన పల్లెలను ఎక్కించింది చాలావరకు మన జనమే. గూగుల్ మ్యాప్ మేకర్ 2008లో వచ్చింది. బెంగళూరులో రూపుదిద్దుకున్న ఆ పనికి ముఖ్యుల్లో ఒకరు తెలుగువాడైన లలితేష్ కట్రగడ్డ. మంచి పటాలు లేని దేశాల్లో, తమ ఊరి రోడ్డును తామే గీసే వీలును అది మామూలు మనుషులకు ఇచ్చింది. ఊళ్లు, చెరువు కట్టలు, బడులు, గుళ్లు ఎందరో ఓపికగా ఎక్కించారు. 2017 మార్చి 31న దాన్ని మూసేశారు. ఎక్కించినదంతా కంపెనీ పటంలో ఉండిపోయింది. ఎక్కించినవాడు రేపు సొంత యాప్ పెట్టుకుని, తానే గీసిన రోడ్డును గూగుల్ నుంచి తిరిగి తీసి దాచుకోవాలంటే అందరికీ ఉన్న నిషేధమే అతనికీ. 2012లో ప్రపంచబ్యాంకు మ్యాప్ మేకర్ విషయంలో గూగుల్‌తో ఒప్పందం కుదుర్చుకున్నప్పుడు అభ్యంతరాలు వచ్చింది ఇందుకే. జనం శ్రమతో పుట్టిన పటం జనానికి తిరిగి చేరే దారి ఉండాలన్నది అభ్యంతరం చెప్పినవాళ్ల వాదన. ఆ వాదన ఇప్పటికీ సరైనదే.

ఆంక్షలు పెట్టేది కంపెనీలు మాత్రమే కాదు. 1767లో మొదలైన సర్వే ఆఫ్ ఇండియా చాలాకాలం పటాలను రక్షణ రహస్యాల్లా చూసింది. 2005 జాతీయ పటాల విధానం సైన్యానికి వేరు, ప్రజలకు వేరు అని రెండు వరుసల పటాలను ఏర్పరచింది. 2013లో గూగుల్ మనదేశంలో మ్యాపథాన్ అని పటాల పోటీ పెడితే సర్వే ఆఫ్ ఇండియా ఫిర్యాదు చేసింది, విషయం సీబీఐ విచారణ దాకా వెళ్లింది. 2016 మేలో కేంద్ర హోంశాఖ తెచ్చిన ముసాయిదా బిల్లు అనుమతి లేకుండా స్థాన సమాచారాన్ని సేకరించినా, దాచినా, పంచినా 100 కోట్ల రూపాయల దాకా జరిమానా, ఏడేళ్ల దాకా జైలు అంది. అది చట్టమై ఉంటే కార్గో డ్రైవరు తన ఫోన్‌లో ఇల్లు గుర్తుపెట్టుకోవడానికీ అనుమతి అడగాల్సి వచ్చేది. వ్యతిరేకత వచ్చి అది ఆగిపోవడం మంచిదైంది.

2021 ఫిబ్రవరి 15న కేంద్రం దారి పూర్తిగా మార్చింది. భారతీయ సంస్థలు ముందస్తు అనుమతులు లేకుండా పటాలు తయారుచేయవచ్చు, దాచవచ్చు, అమ్మవచ్చు అంది. అందులోనే ఒక షరతు పెట్టింది: అడ్డంగా ఒక మీటరు, ఎత్తులో మూడు మీటర్ల కన్నా సూక్ష్మమైన సమాచారాన్ని విదేశీ సంస్థలు సొంతంగా తయారుచేయకూడదు, కలిగి ఉండకూడదు. భారతీయ సంస్థల దగ్గర లైసెన్సు తీసుకుని ఇక్కడి వినియోగదారులకు చూపవచ్చు, కానీ ఆ సమాచారం వాళ్ల సర్వర్ల గుండా వెళ్లకూడదు. 2022లో గూగుల్ వీధి చిత్రాలు హైదరాబాద్ సహా పది నగరాల్లో వచ్చినప్పుడు ఆ ఫొటోలను జెనెసిస్, టెక్ మహీంద్రా తీసి ఇచ్చింది ఈ ఏర్పాటు కిందే. చూపించు, నీ దగ్గర ఉంచుకోకు అని గూగుల్ మన యాప్‌లకు చెప్పే మాటనే మన ప్రభుత్వం గూగుల్‌కు చెప్పింది. దాచుకునే హక్కే అసలైన అధికారమని రెండు పక్షాలకూ తెలుసు. తెలియనిది, తెలిసినా పట్టించుకోనిది మన జిల్లా కార్యాలయాలకే.

ప్రత్యామ్నాయాల్లో ముందు చెప్పుకోవలసింది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. 2004లో స్టీవ్ కోస్ట్ లండన్‌లో దీన్ని మొదలుపెట్టడానికి ప్రేరణ, ప్రజల డబ్బుతో తయారైన పటాలు ప్రజలకు అందకపోవడమే. 2012 నుంచి దీని సమాచారం ఓడీబీఎల్ అనే లైసెన్సు కింద ఉంది. మొత్తం దించుకోవచ్చు, ఎంతకాలమైనా దాచుకోవచ్చు, అమ్ముకునే యాప్‌లోనూ వాడవచ్చు. సేకరించినవాళ్ల పేరు చెప్పాలి. ఆ సమాచారాన్నే మెరుగుపరచి బయటికి విడుదల చేస్తే ఆ మెరుగునూ అదే లైసెన్సు కింద అందరికీ ఇవ్వాలి. ఓఎస్ఎమ్‌ఆండ్, ఆర్గానిక్ మ్యాప్స్ లాంటి యాప్‌లు నెట్ లేకుండా దారి చూపేది దీనితోనే.

అయితే ఇక్కడా ఒక పొరపాటు అందరూ చేస్తారు. సమాచారం స్వేచ్ఛగా ఉంది కదా అని ఆ సంస్థ సర్వర్ నుంచి గీసి సిద్ధంగా ఉన్న పటం ముక్కలను వేల సంఖ్యలో దించడం నిషిద్ధం. విరాళాలతో నడిచే ఆ సర్వర్లు అంత బరువు మోయలేవు. చిరునామాలు వెతికే వాళ్ల ఉచిత సేవను కూడా సెకనుకు ఒకసారికి మించి అడగకూడదు. సరైన దారి ఏమిటంటే, దక్షిణ భారతం మొత్తం సమాచారాన్ని జర్మనీలోని జియోఫాబ్రిక్ లాంటి సంస్థలు ఒకే ఫైలుగా ఇస్తాయి, దాన్ని ఒకసారి తెచ్చుకుని పటాన్ని మన కంప్యూటర్‌లో మనమే గీసుకోవాలి. దేశ సరిహద్దులను సర్వే ఆఫ్ ఇండియా చూపిన విధంగా సరిచేసుకోవాలి. తప్పుగా చూపడం మన చట్టం ప్రకారం శిక్షార్హం. ఇక మన జిల్లాల విషయంలో దీని లోటు స్పష్టమే. 63వ నంబరు జాతీయ రహదారి, పెద్దపల్లి నిజామాబాద్ రైలు మార్గం, చెరువులు, ఊళ్ల పేర్లు దొరుకుతాయి. గల్లీలు, దుకాణాలు, తెలుగు లిపిలో పేర్లు పలచగా ఉన్నాయి. నింపేవాళ్లు కావాలి. మ్యాప్ మేకర్‌లో పెట్టిన ఓపికను ఇక్కడ పెడితే అది ఎవరూ వెనక్కి లాక్కోలేని చోట ఉంటుంది.

రెండో ప్రత్యామ్నాయం గురించి నాకు ఎక్కువ ఆశ ఉంది. 2025 మేలో తపాలా శాఖ డిజిపిన్ విడుదల చేసింది. ఐఐటీ హైదరాబాద్, ఇస్రో వారి నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ కలిసి దీన్ని రూపొందించాయి. రెండూ మన రాష్ట్రంలోనివే. దేశాన్ని కప్పే పెద్ద చదరాన్ని పదహారు గదులుగా, ప్రతి గదిని మళ్లీ పదహారుగా, అలా పదిసార్లు కోస్తారు. చివరికి దాదాపు నాలుగు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు గల ముక్క మిగులుతుంది. దానికి పది అక్షరాల కోడ్. సిరిసిల్లలో రెండు సాంచాలు పట్టే షెడ్డుకు కూడా ఒక కోడ్ వస్తుంది. అక్షాంశ రేఖాంశాలుంటే కోడ్‌ను లెక్కకట్టవచ్చు, కోడ్ ఉంటే అక్షాంశ రేఖాంశాలను తిరిగి తీయవచ్చు, రెంటికీ ఏ సర్వర్‌నూ అడగనక్కర్లేదు. లెక్క పద్ధతి బహిరంగం. గూగుల్ 2014లో తెచ్చిన ప్లస్ కోడ్‌లు కూడా ఇదే స్వభావం గలవి, వాటినీ స్వేచ్ఛగా దాచుకోవచ్చు. గల్ఫ్ డబ్బా మీద ఊరి పేరు పక్కన ఈ పది అక్షరాలు రాస్తే జిల్లా విడిపోయినా, పంచాయతీ మారినా కోడ్ మారదు. అయితే అది చోటును మాత్రమే చెబుతుంది. అక్కడ ఉన్నది బడా, ఆస్పత్రా, మూతపడిన కార్ఖానానా అన్నది చెప్పదు. ఆ రెండో సగం ఎవరో సేకరించి ఉంచాలి.

ఆ రెండో సగంలో చాలా భాగం ఇప్పటికే ప్రభుత్వం దగ్గర ఉంది. 2009లో హైదరాబాద్ కేంద్రంగా భువన్ అనే ఇస్రో పటాల వేదిక వచ్చింది. 2016 నుంచి ఉపాధి హామీ పనుల్లో తవ్విన కుంటలు, వేసిన బాటలు దాని మీద ఫొటోతో, అక్షాంశ రేఖాంశాలతో నమోదవుతున్నాయి. జగిత్యాల జిల్లాలో ఏ ఊళ్లో కుంట తవ్వినా దాని స్థానం ఎక్కడో ఒక సర్వర్‌లో ఉంది. భూముల సంగతి దీనికి వ్యతిరేకం. నిజాం కాలపు సర్వేలో గీసిన నక్షాలు, టిపన్‌లు, సేత్వార్‌లు అనే పాత భూమి రికార్డుల మీదే ఇప్పటికీ ఆధారపడుతున్నాం. అసలు నక్షాయే (ఊరి భూముల పటమే) లేని గ్రామాలు రాష్ట్రంలో 413 ఉన్నాయని తేల్చి, 2025లో ఐదు గ్రామాల్లో ప్రయోగాత్మకంగా రీసర్వే మొదలుపెట్టారు. ఆ ఐదింటిలో ఒకటి బీర్‌పూర్ మండలంలోని కొమనపల్లి. గోదావరి దిక్కు ఉన్న ఆ ఊరి హద్దులను అప్పుడు యంత్రాలతో, సెంటీమీటర్ల లెక్కతో కొలిచారు. అలా కొలిచిన ఊరి రోడ్లు, బడి, అంగన్‌వాడీ, నీళ్ల ట్యాంకు స్థానాలు ఎవరి భూమి వివరాలూ బయటపెట్టకుండానే బహిరంగం చేయవచ్చు. రాష్ట్రానికి 2016 నుంచి ఓపెన్ డేటా విధానం ఉంది. కేంద్రం 2017లో ప్రభుత్వ సమాచారాన్ని దాచుకుని తిరిగి వాడుకునే లైసెన్సును గెజిట్‌లో ప్రకటించింది. దారి వేసి ఉంది, నడవడం లేదు. కోరుట్ల అంగన్‌వాడీ ఎక్కడుందో తెలుసుకోవడానికి ఒక విదేశీ సర్వర్‌ను ప్రతి నెలా తిరిగి అడగాల్సిన అవసరం మనకు రాకూడదు.

స్వేచ్ఛగా దాచుకోవాలని ఇంతసేపు వాదించాక, దాచుకోకూడనిదాని గురించి గట్టిగా చెప్పాలి. గూగుల్ షరతు వల్ల ఒక యాప్ కిరాణా దుకాణం స్థానాన్ని 30 రోజులకు తుడిచేస్తుంది. అది బహిరంగ విషయం, అందరికీ తెలిసిన చోటు. అదే యాప్ తన ఖాతాదారు ఇంటి స్థానాన్ని, ఏ రోజున ఏ వేళకు ఎవరు సరుకు తీసుకున్నారన్నదాన్ని ఏళ్ల తరబడి ఉంచుకుంటుంది, ఎందుకంటే అది తన సొంత సేకరణ. తలకిందులైన పద్ధతి ఇది. మన పల్లెల్లో భర్త దుబాయిలో, భార్య పిల్లలతో, అత్తతో ఇక్కడ ఉండే ఇళ్లు వేలల్లో ఉంటాయి. ఆ ఇంట్లో మగవాళ్లు లేరన్న సంగతిని ఒక డెలివరీ పట్టిక తెలియకుండానే చెప్పేస్తుంది: డబ్బా పంపింది ఎవరు, ఎక్కడ నుంచి, అందుకున్నది ఎవరు. ఆ పట్టిక తప్పుడు చేతుల్లో పడితే ఏమవుతుందో వివరించనక్కర్లేదు. అవసరం తీరాక వ్యక్తిగత సమాచారాన్ని తుడిచేయాలని 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చెబుతోంది. 30 రోజుల నియమం నిజంగా అమలు కావలసింది ఇక్కడ.

కాబట్టి జగిత్యాలలోనో సిరిసిల్లలోనో కొత్తగా యాప్ పెట్టేవాళ్లకు నేను చెప్పేది ఇది. పట్టికలో ప్రతి స్థానం పక్కన అది ఎక్కడ నుంచి వచ్చిందో ఒక గడి పెట్టండి: మనమే తీసింది, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ది, కంపెనీ సర్వర్ ఇచ్చింది. మూడోదాన్ని గడువులోపల తీసేయండి, లేదా అక్కడికి ఒకసారి మనిషిని పంపి మొదటిదిగా మార్చుకోండి. ప్లేస్ ఐడీ ఉంచుకోండి, డిజిపిన్ లెక్కకట్టుకోండి. సిగ్నల్ లేని దారులకు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఫైలుతో సొంత పటం గీసుకోండి. ఇళ్ల స్థానాలను డబ్బా చేరిన నెలకు తుడిచేయండి. రెండు కలెక్టరేట్లను కోరేది అంతకన్నా చిన్నది: జిల్లాలోని బడులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, అంగన్‌వాడీలు, రేషన్ దుకాణాలు, వడ్ల కొనుగోలు కేంద్రాలు, మిడ్ మానేరు పునరావాస కాలనీలు, వీటి పేర్లు తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ, అక్షాంశ రేఖాంశాలతో, సరిచూసిన తేదీతో ఒక పట్టికగా రాష్ట్ర ఓపెన్ డేటా పోర్టల్‌లో పెట్టి, ఏటా వానాకాలానికి ముందు ఒకసారి సరిచేయడం.